కత్తిరింపులో ఒక్క పొరపాటు: జన్యువులు, తలసీమియా, మన బాధ్యత

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో మనం లెక్కలు చెప్పుకుంటాం. జకాత్ ఎంత వచ్చింది, ఏ పద్దు కింద ఎంత ఖర్చయింది, ఎన్ని పెళ్లిళ్లకు సాయం చేశాం, ఎన్ని యూనిట్ల రక్తం సేకరించాం అని. ఈసారి ఆ రక్తం సంగతే కొంచెం వివరంగా మాట్లాడమని పెద్దలు మమ్మల్ని కోరారు. మనమిచ్చే రక్తంలో కొంత తలసీమియా పిల్లలకు పోతుందని మీలో చాలామందికి తెలుసు. ఆ పిల్లలకు నెలనెలా రక్తం ఎందుకు ఎక్కించాలి? ఆ లోపం ఎక్కడ మొదలవుతుంది? ఇంకో ఇంట్లో ఆ కష్టం రాకుండా మనం చేయగలిగింది ఏమైనా ఉందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే మనిషి కణం లోపలికి ఒకసారి వెళ్లి రావాలి. సైన్సు పాఠమని కంగారు పడకండి. టైలరు షాపులో కాసేపు కూర్చున్న వాళ్లెవరికైనా ఇది అర్థమవుతుంది.

థానులోని గుడ్డ, కటింగ్ మాస్టర్ కత్తెర

మన శరీరంలో ప్రతి పనికీ ప్రొటీన్లు కావాలి. ఏ ప్రొటీన్ ఎలా తయారుచేయాలో రాసి ఉన్న పాఠమే జన్యువు. ఆ పాఠం డీఎన్‌ఏలో ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసి ఉంటుంది. కణం అసలు పుస్తకాన్ని బయటికి తీయదు. కావలసిన పాఠానికి ఒక నకలు తీస్తుంది. ఆ నకలునే ఆర్‌ఎన్‌ఏ అంటాం. దాన్ని చూసి ప్రొటీన్ తయారవుతుంది.

1977 వరకు శాస్త్రవేత్తలు జన్యువంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఏకధాటిగా సాగే పాఠమని అనుకునేవారు. ఆ ఏడాది అమెరికాలో ఫిలిప్ షార్ప్ బృందం, రిచర్డ్ రాబర్ట్స్ బృందం విడివిడిగా పనిచేసి ఒక వింత కనిపెట్టాయి. పాఠం ముక్కలు ముక్కలుగా ఉంది. పనికొచ్చే ముక్కల మధ్య ప్రొటీన్‌లోకి రాని భాగాలున్నాయి. నకలు తీసిన తరువాత కణం ఆ మధ్య భాగాలను కత్తిరించి పారేసి, పనికొచ్చే ముక్కలను వరసగా కలిపి కుడుతోంది. ఈ కత్తిరించి కుట్టే పనికి స్ప్లైసింగ్ అని పేరు. నిలిచే ముక్కను ఎక్సాన్ అని, తీసేసే ముక్కను ఇంట్రాన్ అని అంటారు. మరుసటి ఏడాది వాల్టర్ గిల్బర్ట్ పెట్టిన పేర్లివి. షార్ప్, రాబర్ట్స్ ఇద్దరికీ 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

టైలరు షాపులో జరిగేదీ ఇంచుమించు ఇదే. థాను మొత్తాన్ని ఎవరూ ఒంటికి చుట్టుకోరు. కటింగ్ మాస్టర్ చాక్‌పీసుతో గీత గీస్తాడు. గీత వెంట కత్తెర నడుస్తుంది. పనికిరాని ముక్కలు కింద పడతాయి, కావలసినవి మిషను మీదికి వెళతాయి. కణంలోనూ అలాంటి గీతలున్నాయి. దాదాపు ప్రతి ఇంట్రాన్ జీ, టీ అనే రెండు అక్షరాలతో మొదలై, ఏ, జీ అనే రెండు అక్షరాలతో ముగుస్తుంది. వాటికి అటూ ఇటూ ఉన్న అక్షరాలు కూడా గీత స్పష్టంగా కనబడటానికి సాయపడతాయి. ఈ గుర్తులను చూసే కణంలోని కత్తెర సరైన చోట పడుతుంది.

ఒకే గుడ్డ, వేరు వేరు దుస్తులు

కణానికి ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. మంచి కటింగ్ మాస్టర్ ఒకే గుడ్డలోంచి ఫుల్ చేతుల చొక్కా తీయగలడు, హాఫ్ చేతుల చొక్కా తీయగలడు, కాలర్ పెట్టగలడు, మానేయగలడు. కణం కూడా ఒకే జన్యువు నకలులోంచి ఒక చోట ఒక ఎక్సాన్‌ను ఉంచి, ఇంకో చోట దాన్ని వదిలేసి, వేరు వేరు ప్రొటీన్లు తయారుచేస్తుంది. దీన్ని ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్ అంటారు. మనిషిలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20,000 మాత్రమే. వాటిలో ఒకటి కన్నా ఎక్కువ ఎక్సాన్లున్న జన్యువుల్లో నూటికి తొంభైకి పైగా ఇలా రకరకాలుగా కత్తిరింపుకు లోనవుతాయి. ఇంత తక్కువ జన్యువులతో ఇన్ని రకాల పనులు జరగడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండు ఉదాహరణలు చెబుతాం. మన మెడలోని థైరాయిడ్ గ్రంథిలో ఒక జన్యువు నుంచి కాల్సిటోనిన్ అనే హార్మోన్ తయారవుతుంది. అదే జన్యువు నకలును నాడీ కణాల్లో వేరేగా కత్తిరిస్తారు. అక్కడ రక్తనాళాలను వెడల్పు చేసే మరో పదార్థం వస్తుంది. జన్యువు ఒక్కటే, చోటును బట్టి ఫలితం మారింది. రెండోది రోగనిరోధక శక్తికి చెందినది. రోగక్రిములను గుర్తుపట్టే తెల్ల కణం మొదట తన యాంటీబాడీని ఒంటికే అంటిపెట్టుకుని కాపలా కాస్తుంది. క్రిమి దొరికాక అదే జన్యువు నకలు చివరి ముక్కలను మార్చి, ఆ యాంటీబాడీని రక్తంలోకి వదిలే రూపంలో తయారుచేస్తుంది. కాపలాదారు చేతిలోని కర్ర బాణంగా మారినట్టన్నమాట. సుబ్హానల్లాహ్! జన్యువు పని చేస్తుందా లేదా అన్నది దానిలో ఏం రాసి ఉందన్న దాని మీదే కాదు, ఎక్కడ కత్తిరించారన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

గీత చెరిగితే

ఇక మన పిల్లల సంగతికి వద్దాం. రక్తానికి ఎరుపునిచ్చేది, ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. పెద్దల హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసు జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. చిన్న జన్యువే, దాదాపు 1,600 అక్షరాలు. అందులో మూడు ఎక్సాన్లు, వాటి మధ్య రెండు ఇంట్రాన్లు. ఇంట్రాన్లు రెండూ కలిపితేనే 980 అక్షరాల దాకా ఉంటాయి. అంటే నకలులో సగానికి పైగా కత్తిరించి పారేయాల్సిందే.

బీటా తలసీమియాకు దారితీసే మార్పులు 200కు పైగా తెలుసు. అన్నీ కత్తిరింపుకు సంబంధించినవి కావు. కానీ మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మాత్రం కత్తిరింపు లోపమే. మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం జీ ఉండాల్సిన చోట సీ ఉంటుంది. మార్పు అంతే! ప్రొటీన్‌లోకి వచ్చే ముక్కల్లో ఒక్క అక్షరమూ తప్పు లేదు. పారేయాల్సిన ముక్కలో ఒక్క అక్షరం మారింది. అయితే ఆ అక్షరం చాక్ గీత మీద ఉంది. గీత మసకబారింది. కత్తెర సరైన చోట పడటం చాలా తగ్గిపోయి, దగ్గరలో గీతలా కనబడే మూడు తప్పు చోట్ల పడుతుంది. ప్రొటీన్ పాఠాన్ని కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. తప్పు చోట తెగితే ఆ మూడేసి లెక్క చెదిరిపోతుంది. ఆ నకలు ఎందుకూ పనికిరాదు. బీటా గొలుసులు చాలినన్ని తయారుకావు. జత దొరకని ఆల్ఫా గొలుసులు పేరుకుని ఎర్ర కణాలను పుట్టకముందే చంపేస్తాయి.

బెంగాల్‌లో, ఈశాన్య రాష్ట్రాల్లో, బంగ్లాదేశ్‌లో ఎక్కువగా కనిపించే హిమోగ్లోబిన్ ఈ కథ కూడా ఇలాంటిదే. అక్కడ మారిన అక్షరం ఎక్సాన్‌లోనే ఉంది. ఆ మార్పు వల్ల ప్రొటీన్ కొంచెం మారుతుంది. దానితో పాటు గీత లేని చోట కొత్తగా గీత ఏర్పడి, కొన్ని నకళ్లు తప్పుగా తెగిపోతాయి.

బిడ్డ పుట్టినప్పుడు ఏమీ తెలియదు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌కు బీటా గొలుసు అవసరం లేదు. అది కొన్ని నెలలు కాపాడుతుంది. ఆరు నెలలు దాటాక బిడ్డ పాలిపోవడం, ఎదగకపోవడం, కడుపు ఉబ్బడం మొదలవుతుంది. ఆ తరువాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి సీసాతో పాటు ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. దాన్ని తీయకపోతే గుండె, కాలేయం పాడవుతాయి. అందుకే ఇనుము తీసే మందు రోజూ వాడాలి. రక్తం ఒక్కటే ఇచ్చి మందు సంగతి మరిచిపోతే సాయం సగంలో ఆగిపోయినట్టే.

తప్పు ఎవరిది?

ఈ ప్రశ్న చాలా ఇళ్లలో అడుగుతారు. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: కోడలిది. ఈ సభ ముఖంగా ఒక్క మాట గట్టిగా చెప్పదలిచాం. తలసీమియా మేజర్ తల్లి ఒక్కదాని నుంచి రాదు. ప్రతి మనిషిలోనూ బీటా జన్యువులు రెండు ఉంటాయి, ఒకటి అమ్మీ ఇచ్చింది, ఒకటి అబ్బా ఇచ్చింది. ఒకటి లోపంతో ఉండి రెండోది బాగుంటే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. ఆయన్ను లేదా ఆమెను క్యారియర్ అంటాం. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయినప్పుడే బిడ్డకు రెండు లోపపు జన్యువులూ చేరే అవకాశం ఉంటుంది. ఆ అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే.

కాబట్టి తల్లిని నిందించేవారు తండ్రి రక్తం కూడా పరీక్ష చేయించాలి. అప్పుడు నిందించడానికి నోరు రాదు. ఇద్దరిదీ తప్పు కాదు. ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు, ఎవరి పాపానికీ శిక్ష కాదు.

దగ్గరి బంధువుల పెళ్లి గురించీ చెప్పాలి. ఖాలా కూతురిని, మామూ కొడుకుని చేసుకోవడం మన షరీఅత్‌లో అనుమతి ఉన్నదే. మేనరికం మన తెలుగు నేల మీద అన్ని మతాల వారిలోనూ ఉన్నదే. దాన్ని తప్పని అనడం లేదు. కానీ తాతలో లేదా నానమ్మలో ఉన్న లోపపు జన్యువు మనవడికీ మనవరాలికీ ఇద్దరికీ చేరి ఉండవచ్చు. అందువల్ల బంధువుల్లో సంబంధం కుదుర్చుకునేవారు మిగతావారి కన్నా ముందుగా పరీక్ష చేయించుకోవాలి. అలాగని బయటి సంబంధమైతే భయం లేదనీ కాదు. మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసీమియా క్యారియర్లు.

పరీక్ష చాలా చిన్నది. మామూలు రక్త పరీక్షలో ఎర్ర కణాలు చిన్నవిగా కనబడితే, హెచ్‌పీఎల్‌సీ అనే పద్ధతిలో హిమోగ్లోబిన్ ఏ2 ఎంతుందో చూస్తారు. అది సాధారణంగా 3.5 శాతం దాటితే క్యారియర్ అని అనుమానించి, డాక్టరు నిర్ధారిస్తారు. క్యారియర్లను రక్తహీనత అనుకుని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగించడం జరుగుతూ ఉంటుంది. ఈ పరీక్ష ఆ పొరపాటునూ సరిచేస్తుంది. పెళ్లి ఖర్చుల జాబితాలో ఇది అతి చిన్న పద్దు, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు.

ఇది తఖ్దీర్‌లో జోక్యం చేసుకోవడం కాదా అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. గౌరవంగా చెబుతున్నాం, తవక్కుల్ అంటే ప్రయత్నం మానుకోవడం కాదని మన ఉలమాలే ఎప్పుడూ చెబుతున్నారు. సౌదీ అరేబియాలో 2004 నుంచి నికాహ్‌కు ముందు ఈ పరీక్ష తప్పనిసరి. ఇరాన్‌లో 1997 నుంచే ఉంది. అక్కడ పరీక్ష పెళ్లిని ఆపదు, నిజం తెలియజేస్తుంది. నిర్ణయం జంటదే. ఇరాన్‌లో తలసీమియాతో పుట్టే పిల్లల సంఖ్య ఆ తరువాత బాగా తగ్గింది.

పెళ్లి తరువాత తెలిసినవారూ నిరాశ పడనక్కరలేదు. గర్భం వచ్చిన మూడో నెల చివరిలో మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ జన్యువును పరీక్షించవచ్చు. ఆ తరువాత ఏం చేయాలన్నది చాలా బరువైన విషయం. మక్కాలోని ఇస్లామీ ఫిఖ్ మండలి 1990లో, బిడ్డకు నయం కాని తీవ్రమైన లోపం ఉందని నమ్మకమైన వైద్యుల బృందం పరీక్షలతో నిర్ధారిస్తే, తల్లిదండ్రులు కోరితే, 120 రోజులు నిండకముందు గర్భస్రావానికి అనుమతి ఇచ్చింది. ఉలమాలలో భిన్నాభిప్రాయాలూ ఉన్నాయి. అందుకే ఆ దంపతులు డాక్టరునూ, నమ్మకమైన ఆలింనూ ఇద్దరినీ కలవాలి. వాళ్లు ఏ నిర్ణయం తీసుకున్నా మనం వాళ్ల పక్కన నిలబడాలి.

గీతను మళ్లీ గీయవచ్చా?

1993లో అమెరికాలోని నార్త్ కరోలినాలో రిషార్డ్ కోలే, జ్బిగ్నియెవ్ డొమిన్‌స్కీ ప్రయోగశాలలో ఒక పని చేసి చూపించారు. తలసీమియా నకలులో తప్పు గీత ఉన్న చోట చిన్న అతుకు లాంటి జన్యు ముక్కను అంటించారు. తప్పు గీత కప్పబడింది, కత్తెర మళ్లీ సరైన చోట పడింది. తలసీమియాకు అది ఇంకా మందుగా మారలేదు. కానీ అదే ఆలోచన మరో రోగానికి మందు తెచ్చింది.

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అని పసిపిల్లల కండరాలు చచ్చుబడిపోయే జబ్బు ఉంది. ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు లేకపోవడం దానికి కారణం. ఎస్‌ఎంఎన్2 అని దానికి జోడు జన్యువు ప్రతి బిడ్డలోనూ దాదాపుగా ఉంటుంది. అయితే ఏడో ఎక్సాన్‌లో ఒక్క అక్షరం తేడా వల్ల కత్తిరింపులో ఆ ఎక్సాన్ చాలావరకు ఎగిరిపోతుంది. ఆ ఎక్సాన్‌ను నిలబెట్టే మందు, నుసినెర్సెన్, 2016లో అమెరికాలో అనుమతి పొందింది. నోటితో తాగించే రిస్డిప్లామ్ 2020లో వచ్చింది. వాటి ధర మామూలు కుటుంబం ఊహకు కూడా అందనిది. 2025లో ఢిల్లీ హైకోర్టు తీర్పు తరువాత మన హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా రిస్డిప్లామ్‌ను జెనరిక్‌గా తక్కువ ధరకు తెచ్చింది. జన్యువు బాగుండి కత్తిరింపు చెడినప్పుడు, కత్తిరింపును సరిచేస్తే బిడ్డ బతుకుతుందని ఇప్పుడు రుజువైంది. తలసీమియా పిల్లలకూ అలాంటి రోజు రావాలని దుఆ చేద్దాం. అప్పటి దాకా వాళ్లను ఆరోగ్యంగా నిలబెట్టడం మన పని.

సొసైటీ ముందు మా మనవి

మొదటిది, మన సొసైటీ పెళ్లి సాయం చేసే ప్రతి జంటకూ ఈ పరీక్ష ఖర్చు కూడా మనమే పెట్టుకుందాం. ఇంకా మంచిది, రిష్తా మాటలు మొదలు కాకముందే, కాలేజీ వయసులోనే మన అబ్బాయిలకూ అమ్మాయిలకూ పరీక్ష చేయిద్దాం. మంగ్నీ అయ్యాక తెలిస్తే మనసులు విరుగుతాయి. ముందే తెలిస్తే ఎవరి పరువూ పోదు. ఇద్దరు క్యారియర్లు కలవకుండా చూసుకుంటే చాలు, క్యారియర్‌కు మామూలు సంబంధం చేయడానికి ఏ అడ్డూ లేదు. రిపోర్టు మన చేతికి వచ్చిన అమానత్. అది మొహల్లాలో చర్చకు రాకూడదు. ముఖ్యంగా ఆడపిల్ల రిపోర్టు గురించి ఒక్క మాట బయటికి పొక్కినా మనం చేసిన మేలు కన్నా కీడే ఎక్కువవుతుంది.

రెండోది, రక్తదానాన్ని శిబిరాల రోజుకే పరిమితం చేయవద్దు. తలసీమియా బిడ్డకు రంజాన్ నెలలోనూ రక్తం కావాలి, మే నెల సెలవుల్లోనూ కావాలి. రోజా ఉన్నవారు ఇఫ్తార్ తరువాత ఇవ్వవచ్చు. నెలకు ఇంతమంది చొప్పున పన్నెండు నెలలకూ పేర్లు రాసుకుందాం.

మూడోది, అర్హులైన కుటుంబాలకు జకాత్ నుంచి ఇనుము తీసే మందులకూ, ఆస్పత్రికి వెళ్లివచ్చే బస్సు చార్జీలకూ సాయం చేద్దాం. ప్రభుత్వం నుంచి రావలసిన హక్కులనూ ఇప్పిద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా ఉంది. ఎముక మజ్జ మార్పిడికి తలసీమియా బాల సేవా యోజన కింద 10 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. మార్పిడికి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల మజ్జ సరిపోవడం, వయసు చిన్నదిగా ఉండటం ముఖ్యం. ఈ కాగితాలు నింపడానికి మన యువకులు వారానికి ఒక పూట కేటాయిస్తే చాలు.

ఈ మూడింట్లో ఏదీ మన శక్తికి మించింది కాదు. ఈ సభ ముగిసేలోగా కార్యవర్గం మొదటి పనికి ఒక తేదీ నిర్ణయిస్తుందని ఆశిస్తున్నాం.

అల్లాహ్ ఆ పిల్లలకు షిఫా ప్రసాదించుగాక, వాళ్ల అమ్మీఅబ్బాలకు సబ్ర్ ఇచ్చుగాక, మన చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.